అమ్మను ఓడ ఎక్కించాలా వద్దా? పెద్దవాళ్ళతో క్రూజ్ గురించి మీ మాట చెప్పండి

మర్రిపాలెం_చిన్నోడు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో కొన్నాళ్ళుగా నలుగుతున్న విషయం ఇది. అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. షుగర్, బీపీ ఉన్నాయి. మోకాళ్ళు అరిగిపోయాయి, కర్ర లేనిదే వీధి మలుపు దాకా కూడా వెళ్ళలేదు. నాన్న పోయాక ఊరు దాటింది లేదు. సియాటెల్‌లో ఉండే అన్నయ్య వచ్చే వేసవికి అమ్మను రప్పించుకుని అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్తానంటున్నాడు. వారం రోజులు ఓడలో, మంచుకొండల మధ్య. నాకది అతిగా అనిపిస్తోంది. ఓడే ఎక్కించాలనుకుంటే మన విశాఖలో క్రూజ్ టెర్మినల్ ఉంది, కాదంటే హాయిగా పాపికొండలు వెళ్ళొస్తే సరిపోతుంది కదా అని నా వాదన. అక్కది ఇంకో దారి. ఈ వయసులో నీళ్ళ మీద ఏ ప్రయాణమూ వద్దు, ఆ డబ్బులతో మోకాలి ఆపరేషన్ చేయించండి అంటుంది. పెద్దవాళ్ళతో ఇలా వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

సింహాచలం_మెట్లు

మీ అక్కగారికే నా ఓటు. ఊళ్ళో ఏదైనా అయితే 108కి ఫోన్ చేస్తాం, కాసేపట్లో ఏదో ఒక ఆసుపత్రి గుమ్మంలో ఉంటాం. నడిసముద్రంలో ఎవరికి చేస్తారు? ఈమధ్య పెద్దవాళ్ళను ఎక్కడెక్కడికో లాక్కెళ్ళి, వాళ్ళకు నల్లకళ్ళద్దాలు పెట్టి వీడియోలు తీయడం ఫ్యాషనైపోయింది. మా నాన్నను కైలాసగిరి రోప్‌వే ఎక్కిస్తే దిగేదాకా నా మణికట్టు వదల్లేదు. కిందికొచ్చాక "బాగుందిరా" అన్నారు. ఆ "బాగుంది" ఎవరికోసమో నాకు తెలుసు.

ఎంవీపీ_కాలనీ_అమ్మాయి

సింహాచలం గారూ, రోప్‌వేతో పోల్చకండి. నేను నాన్నను ఇక్కడి నుంచి చెన్నై వెళ్ళే ఓడలో తీసుకెళ్ళాను. ఆయన పోర్టులో క్రేన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఓడల్ని ఒడ్డు నుంచి చూసిన మనిషి. ఈత కొలను, మ్యాజిక్ షో, బఫే ఇవేవీ ఆయనకు పట్టలేదు. ఓడ బెర్త్ నుంచి కదిలింది మొదలు రెయిలింగ్ దగ్గరే. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి కాస్త దూరం వెళ్ళాక, అప్పటిదాకా ఓడకు దారి చూపిన పోర్టు పైలట్ ఓడ పక్కన వేలాడే తాడు నిచ్చెన మీంచి దిగి, కింద ఊగుతున్న చిన్న లాంచీలోకి అడుగు పెడతాడు. ఓడా ఆగదు, లాంచీ ఆగదు. "చూడండి, చూడండి, అల లాంచీని పైకెత్తినప్పుడే కాలు మోపాలి" అని చుట్టుపక్కల వాళ్ళందరికీ నాన్నే కామెంటరీ. ఎవరో గుజరాతీ పెద్దాయనకు వచ్చీరాని హిందీలో టగ్గు పడవలు ఓడల్ని ఎలా లాగుతాయో కూడా వివరించారు. ఇంట్లో నాలుగు ముక్కలకు మించి మాట్లాడరు ఆయన.

కష్టమూ చెప్తాను. ఓడల్లో బాత్‌రూమ్‌కి గడప ఎత్తుగా ఉంటుంది. రాత్రి నిద్రమత్తులో లేచేవాళ్ళకు అదే పెద్ద గండం. నేను ఆ అంచు పొడుగునా తెల్ల ప్లాస్టర్ అంటించి, లైటు ఆర్పకుండా ఉంచాను. ఇంటి నుంచి ఓ ప్లాస్టర్ చుట్ట తీసుకెళ్ళండి, దాని విలువ అక్కడ తెలుస్తుంది.

గోదారి_మనవడు

ఎంత దూరం, ఎంత ఖర్చు! మన గోదావరి ఉండగా అలాస్కా ఎందుకండీ? పొద్దున్నే గండిపోచమ్మ గుడి దగ్గర బోటెక్కితే సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. టిఫినూ భోజనమూ బోటులోనే. పక్కన మాట్లాడేవాళ్ళందరూ తెలుగువాళ్ళే. మంచుకొండ చూసి మీ అమ్మగారు ఏం చేస్తారు? పేరంటాలపల్లిలో శివుడికి దండం పెట్టుకుంటే ఓ తృప్తి.

ఇంజన్‌రూమ్_మాజీ

మర్చంట్ నేవీలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ అందరూ సముద్రమంటే ప్రమాదం, నది అంటే క్షేమం అనుకుంటున్నారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి విషయంలో ఇది తిరగబడుతుంది.

పాపికొండల బోటు ఎక్కాలంటే రేవు దాకా గట్టు దిగాలి, ఆ తర్వాత చెక్క బల్ల మీద నడవాలి. పేరంటాలపల్లిలో గుడికి మెట్లెక్కాలి. పెద్ద ఓడలో టెర్మినల్ నుంచి గ్యాంగ్‌వే, అంటే ఓడలోకి వేసే వంతెన మీదుగా వీల్‌చైర్‌లోనే లోపలికి పోవచ్చు, లోపలంతా లిఫ్టులు. ఒకసారి పెట్టె విప్పి బట్టలు బీరువాలో పెట్టుకుంటే దిగేదాకా సర్దే పని లేదు. రోజుకో హోటలు, రోజుకో బస్సు ఉండే యాత్రా టూర్లతో పోలిస్తే ముసలి ఒంటికి ఇది సుఖం. నదిలో అయితే ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది, సాయం మాత్రం దూరమే. ఆ కొండల మధ్య ఫోన్ సిగ్నలే ఉండదు.

డాక్టర్ సంగతి. క్రూజ్ ఓడలో డాక్టర్, నర్సులు, చిన్న మెడికల్ సెంటర్ ఉంటాయి. ఈసీజీ తీస్తారు, సెలైన్ పెడతారు, మనిషిని నిలబెడతారు. స్టెంట్ వేయరు, పెద్ద ఆపరేషన్లు చేయరు. అంతకు మించి కావాలంటే దగ్గరి పోర్టులో దింపాలి, లేదంటే హెలికాప్టర్ రావాలి. ఈ ఖర్చంతా మనదే. ఇండియాలో మనకుండే మామూలు హెల్త్ పాలసీ విదేశీ ఓడలో సాధారణంగా పనికిరాదు. అత్యవసర తరలింపు ఖర్చు ఇచ్చే ట్రావెల్ పాలసీ విడిగా తీసుకోవాలి. ఈ విషయంలో సింహాచలం గారి భయం సబబే. ఆరు నెలల లోపు గుండె సమస్య వచ్చినవాళ్ళయితే నేనూ వద్దనే అంటాను. షుగరూ బీపీ అదుపులో ఉంటే అది వేరే మాట.

వాంతుల సంగతి. ఓడ మధ్య భాగంలో, కింది డెక్కుల్లో కేబిన్ తీసుకోండి, ఊపు తక్కువ. పైన బాల్కనీ గది అందంగా ఉంటుంది గానీ అక్కడే ఎక్కువ ఊగుతుంది. కేబిన్ నెత్తిన డాన్స్ హాల్ లేకుండా ప్లాన్ చూసి మరీ బుక్ చేయండి. ఓడకు రెండు పక్కలా నీటి అడుగున స్టెబిలైజర్లు ఉంటాయి. అవి పక్కలకు ఊగడాన్ని తగ్గిస్తాయి, ముందూ వెనకా లేచిపడటాన్ని ఆపలేవు. మనవాళ్ళు బస్సెక్కినా వేసుకునే అవొమిన్ మాత్ర ఉంది చూశారూ, అది పెద్దవాళ్ళకు మత్తు, తూలుడు తెస్తుంది. ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవాళ్ళకు ఒంటేలు బిగుసుకుపోవచ్చు. డాక్టర్‌ని అడక్కుండా వేయకండి. ఓడలో పెద్దవాళ్ళు పడేది అలల వల్ల కంటే ఈ మాత్రల మత్తు వల్లే ఎక్కువని నా అనుమానం.

గోదారి_మనవడు

మాజీ గారూ, మీరు చెప్పేది మీ కళ్ళతో చూసింది, కాదనను. మా మామ్మను ఇద్దరు కుర్రాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి బోటులోకి ఎత్తారు. ఆవిడ రాణీగారిలా కూర్చుని వాళ్ళకే జాగ్రత్తలు చెప్పింది. మన దగ్గర మనుషులు సాయం పడతారు.

ఇంజన్‌రూమ్_మాజీ

పడతారు బాబూ. కానీ 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు నది వరద మీద ఉంది. పదుల మంది పోయారు. ఆ తర్వాతే బోట్లు ఆపి, కంట్రోల్ రూములు పెట్టి, లైఫ్ జాకెట్ల మీద గట్టిగా నిలబడి మళ్ళీ వదిలారు. వెళ్ళొద్దనడం లేదు. వరదలు తగ్గాక, చలికాలంలో వెళ్ళండి. జాకెట్ వేస్తే ఉక్కపోతగా ఉందని అమ్మ తీసేస్తానంటుంది, తీయనివ్వకండి.

వైజాగ్_వాలా

విశాఖ నుంచి అండమాన్ ఓడ కూడా ఉందిగా? చవక కదా.

ఇంజన్‌రూమ్_మాజీ

అది రవాణా ఓడ, విహారానిది కాదు. మూడు రోజులదాకా పడుతుంది, మెట్లు నిటారుగా ఉంటాయి. కుర్రాళ్ళకు మజా. మోకాళ్ళు పోయినవాళ్ళకు చెప్పకండి.

మన క్రూజ్ టెర్మినల్ గురించి కూడా ఓ మాట. 2023 సెప్టెంబర్‌లో ప్రారంభించారు, దాదాపు 96 కోట్లు పెట్టి కట్టారు, భవనం బాగుంది. 2024 ఏప్రిల్‌లో 'ది వరల్డ్' అనే విలాస ఓడ వచ్చి ఆగింది కూడా. కానీ టెర్మినల్ ఉన్నంత మాత్రాన ఎక్కడానికి ఓడ ఉండొద్దూ? మన ఊరి నుంచి క్రూజ్ సీజన్‌లో కొన్ని వారాలే. 2022లో ఎంప్రెస్ అనే క్రూజ్ ఓడ ఇక్కడి నుంచి నడిచింది జూన్‌లో. అది నైరుతి గాలి మొదలయ్యే కాలం. బంగాళాఖాతం ప్రశాంతంగా ఉండేది జనవరి నుంచి మార్చి దాకా. అక్టోబర్ గురించి ఈ ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు, హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్ళం. ఇంకోటి, ఫలానా ఊళ్ళో దింపుతామని కాగితం మీద ఉన్నా దింపుతారని లేదు. ఆ ఏడాదే ఓడలోని కేసినో గొడవతో ఎంప్రెస్ రావడానికి పుదుచ్చేరి ప్రభుత్వం మొదట ఒప్పుకోలేదు.

మర్రిపాలెం_చిన్నోడు

అంటే అన్నయ్య మాటే నెగ్గేలా ఉందే! మాజీ గారూ, అలాస్కా గురించి కూడా చెప్పండి. చలికి తట్టుకుంటుందా?

ఇంజన్‌రూమ్_మాజీ

జూన్, జూలైల్లో పగలు పది నుంచి పద్దెనిమిది డిగ్రీలు. డెక్ మీద గాలికి ఇంకా చల్లగా తగులుతుంది. అరకు డిసెంబర్ తట్టుకున్నవాళ్ళకు స్వెట్టరు, మంకీ క్యాపు చాలు.

ముఖ్యమైంది ఏ ఊళ్ళో ఎక్కుతారన్నది. సియాటెల్‌లో ఎక్కే ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటి వైపు నుంచి, అంటే బయటి సముద్రంలోంచి వెళ్తాయి. కెనడాలోని వాంకూవర్‌లో ఎక్కేవి దీవులకూ తీరానికీ మధ్య ఉండే ఇన్‌సైడ్ పాసేజ్‌లోంచి పోతాయి. నీళ్ళు చెరువులా ఉంటాయి. మీ అన్నయ్యకు సియాటెల్ ఇంటి పక్కనే కాబట్టి అక్కడే బుక్ చేస్తాడు. అమ్మ కోసమైతే వాంకూవర్ నయం.

రెండింటికీ వీసా తిప్పలే. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ఎక్కించుకుని విదేశీ రేవు ముట్టకుండా మళ్ళీ అక్కడే దింపకూడదు. అందుకే సియాటెల్ ఓడలు కెనడాలోని విక్టోరియా దగ్గరో మరో చోటో ఆగుతాయి. మన పాస్‌పోర్ట్‌కి అమెరికా వీసాతో పాటు కెనడా వీసా కూడా కావాలి. టికెట్లు కొన్నాక ఇది తెలిసి తల పట్టుకున్నవాళ్ళను చూశాను.

హిమానీనదాలుండే గ్లేసియర్ బే పార్కు ఉన్న రూటు ఎంచుకోండి. ఆ రోజు ఎవరూ ఓడ దిగరు. పార్కు రేంజర్లే ఓడలోకి వచ్చి మైకులో వివరిస్తారు. ఓడ హిమానీనదం ఎదుటికి వెళ్ళి నెమ్మదిగా తిరుగుతుంది, రెండు వైపులవాళ్ళకూ కనబడేలా. కుర్చీలో కూర్చున్న మనిషి కూడా, కొండెక్కగలిగిన కుర్రాడు చూసిందే చూస్తుంది.

రిటైర్డ్_లెక్కల_టీచర్

నాకు డెబ్బై ఒకటి. ఇంతసేపూ చదివాను. గోదారి బాబూ, మంచుకొండ చూసి అమ్మ ఏం చేస్తుందని అడిగావు. మీరు చూసి ఏం చేస్తారో అదే చేస్తుంది. ముసలివాళ్ళకు గుడి తప్ప ఇంకేం పట్టదని ఎవరు చెప్పారు నాయనా? భౌగోళికం పుస్తకంలో హిమానీనదం బొమ్మ నేనూ చూశాను, నిజంగా ఎలా ఉంటుందో చూడాలని నాకూ ఉంటుంది.

చిన్నోడూ, నువ్వూ అన్నయ్యా అక్కా ముగ్గురూ వాదించుకున్నారు సరే. అమ్మ ఏమందో ఒక్క ముక్క రాయలేదు. అడిగితే "మీ ఇష్టంరా" అనుంటుంది. ఆ మాటను జవాబు కింద లెక్కేయకు. మేమెందుకు అలా అంటామో మీ మగపిల్లలకు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. రాత్రి మూడు నాలుగుసార్లు లేవాలి. దగ్గినా తుమ్మినా బట్ట తడిసే వయసు. కొడుకూ కోడలూ పిల్లలూ ఉన్న ఒకే చిన్న కేబిన్‌లో, చెయ్యి చాపితే గోడ తగిలే చోట, ఆ అవస్థ పడటం కంటే ఇంట్లో ఉండటమే మేలనిపిస్తుంది. డబ్బు మిగులుతుందని ఒకే గదిలో కుక్కకండి. ఇంకోటి. ఒడ్డుకు చేరిన ప్రతిచోటా మీరంతా తిమింగలాలు చూడ్డానికి పోతారు, చంటివాడూ బ్యాగులూ మా దగ్గర ఉంటాయి. తీసుకెళ్ళేది చూపించడానికా, పిల్లల్ని చూసుకోవడానికా? మీ అన్నయ్యను ఇది సూటిగా అడుగు.

సింహాచలం_మెట్లు

మేడమ్ గారూ, ఈ కోణం నాకు తట్టలేదు. అయినా నా మాట మీదే ఉన్నాను. కనీసం పాలసీ కాగితం మీద సంతకం పెట్టేముందు ముందునుంచీ ఉన్న జబ్బుల గురించి రాసిన లైను చదవండి. షుగరూ బీపీ దాచిపెట్టి పాలసీ తీసుకుంటే అసలు అవసరానికి చేతులెత్తేస్తారు.

ఎంవీపీ_కాలనీ_అమ్మాయి

తిండి గురించి ఎవరూ అనలేదు. శాకాహారం దొరుకుతుంది, ముందే చెప్తే ఇండియన్ భోజనం కూడా చాలా ఓడల్లో చేస్తారు. ఇంట్లో వండినవి మాత్రం లోపలికి రానివ్వరు. ఆవకాయ సీసా మీద ఆశ పెట్టుకోకండి. ఇన్సులిన్ వాడుతుంటే కేబిన్‌లో ఫ్రిజ్ ఉందో లేదో ముందే రాయించుకోండి. మందులు పెద్ద పెట్టెలో వేయకండి, అది కేబిన్‌కి చేరేసరికి సాయంత్రమవుతుంది.

మర్రిపాలెం_చిన్నోడు

టీచర్ గారూ, మీరు రాసింది చదివి నిన్న రాత్రి అమ్మ దగ్గర కూర్చున్నాను. మొదట "మీ ఇష్టంరా" అనే అంది. వదల్లేదు. విడిగా గది ఇస్తాం, పిల్లల్ని నీ మీద ఒగ్గేయం అని చెప్పాను. కాసేపాగి, "ఆ గదిలో ఇంకో మంచం ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందన్నాను. "అయితే మీ పిన్ని వస్తుందేమో కనుక్కో" అంది. పిన్ని భీమిలిలో ఉంటుంది, అరవై తొమ్మిది, అమ్మ కంటే గట్టిగా నడుస్తుంది, రెట్టింపు మాట్లాడుతుంది. అన్నయ్యకు ఫోన్ చేస్తే ఇంకో టికెట్ ఎక్కడి నుంచి తెచ్చేదని కాసేపు విసుక్కున్నాడు. పిన్ని టికెట్ సగం నేను పెట్టుకుంటానన్నాక దారికొచ్చాడు. అక్క మాత్రం ఇంకా మోకాలి దగ్గరే ఉంది. పిన్నికి ఇంతవరకూ పాస్‌పోర్ట్ లేదు. ఇప్పుడు మొదలుపెడితే వేసవికి అందుతుందా?

ఇంజన్‌రూమ్_మాజీ

పాస్‌పోర్ట్ పెద్ద పని కాదు, ఆఫీసు మీ మర్రిపాలెంలోనే ఉందిగా. ఆధార్‌లోనూ బ్యాంకు పుస్తకంలోనూ పిన్నిగారి ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఈరోజే చూడండి. పుట్టింటిది ఒకచోట, అత్తింటిది ఇంకోచోట ఉంటే అక్కడే నెలలు పోతాయి. అసలు ఆలస్యం వీసాలది. అమెరికా, కెనడా రెండూ చేతికి వచ్చేదాకా మీ అన్నయ్యను ఓడకు పూర్తి డబ్బు కట్టొద్దనండి, వెనక్కిచ్చే గడువు ఎప్పటిదాకానో అడిగి బుక్ చేయమనండి. మోకాలి ఆపరేషన్ ఈలోపు చేయించాలనుకుంటే ముందు డాక్టర్‌తో తేదీలు మాట్లాడండి. కోలుకోవడానికి నెలలు పడుతుంది, అంత దూరం విమానంలో ఎప్పుడు కూర్చోవచ్చో ఆయనే చెప్పాలి. కేబిన్ అడిగేటప్పుడు అక్కచెల్లెళ్ళది, మీ అన్నయ్యది పక్కపక్కన, మధ్యలో తలుపు ఉండేవి కావాలని చెప్పండి. వీల్‌చైర్ పట్టే బాత్‌రూమ్ ఉన్న కేబిన్లు ఏ ఓడలోనైనా తక్కువే. అవే ముందు అయిపోతాయి.