అప్‌డేట్: లోపం ఎరలో లేదు, నీటి వేడిలో ఉంది

వేసవిలో కొండ నదిలోనూ, అది కలిసే జలాశయంలోనూ మూడు రోజులు గాలం వేసినా ఒక్క ట్రౌట్ చేప పడలేదని, ఎర మార్చాలా అని నేను అడిగాను. ముందు నీటి ఉష్ణోగ్రత చూడమన్నవారికి నా కృతజ్ఞతలు.

మధ్యాహ్నం నదిలో థర్మామీటర్ ముంచితే 21 డిగ్రీలు చూపింది. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది కనుక, 20 డిగ్రీలు దాటాక పట్టి వదిలిన ట్రౌట్ కూడా బతకకపోవచ్చు. అందుకే ఆ పూట గాలం వేయలేదు.

మర్నాడు తెల్లవారుజామున అదే చోట 14 డిగ్రీలు ఉంది. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలుస్తుంది కాబట్టి, దిగువ నుంచి చప్పుడు లేకుండా నడిచి, బండరాయి పక్కన వడి నీరూ నిదాన నీరూ ఒరుసుకునే గీత మీదికి ఎరను ఎగువకు విసిరాను. నాలుగో విసురుకు దారం ఉన్నట్టుండి ఆగింది. పొడి చేతులు చేప ఒంటి మీది జిగురు పొరను చెరిపేస్తాయి గనుక చేతులు తడుపుకొని, ఎదురుముల్లు లేని గాలాన్ని నీటిలోనే విడిపించాను. అది కాసేపు నా అరచేతిలో మొప్పలాడిస్తూ నిలిచి, తోక విదిలించి రాళ్ల కిందికి వెళ్లిపోయింది.

జలాశయంలో మాత్రం వేసవిలో చల్లని నీరు అడుగు పొరలో ఉంటుందన్న సంగతి మరచి, ఒడ్డు పక్కన పైపైనే వెతికాను. ఈసారి ఎరను లోతుకు దించుతాను.