‘తీరం దాటింది’ అంటే దీవి సంగతేమిటి?

తూనీగ:
పిల్లల పత్రిక కోసం విన్‌స్టన్ తుపాను గురించి రాస్తున్నాను. 2016 ఫిబ్రవరి 20న ఫిజీని కొట్టింది కదా, అది. ఒక్క వాక్యం దగ్గర రెండు రోజులుగా బండి కదలడం లేదు. అలవాటు కొద్దీ “విన్‌స్టన్ ఫిజీలో తీరం దాటింది” అని రాసేశాను. మా అమ్మాయి చదివి, “దాటి ఎటెళ్ళిందమ్మా? అవతల కూడా సముద్రమేగా?” అంది.

నిజమే కదా! ఫిజీ అంటే మూడు వందల పైచిలుకు దీవులు. ఆ రోజు తుపాను తూర్పు వైపున్న వనువా బలావు దీవి మీదుగా వచ్చింది, తర్వాత కోరో దీవిని కొట్టింది, సాయంత్రానికి పెద్ద దీవి వీటి లేవు ఉత్తరపు ఒడ్డున రకిరకి వైపు ఎక్కింది. మూడుసార్లు తీరం దాటిందనాలా? లేక ఎక్కినప్పుడొకటి, దిగినప్పుడొకటి లెక్కేసి ఆరుసార్లా? నవ్వకండి, టెన్షన్‌గా ఉంది. ఎల్లుండికి ఇవ్వాలి.

పాతడెస్కు:
నవ్వడం లేదమ్మా. ఇరవై రెండేళ్ళు పేపరు డెస్కులో కూర్చుని ఆ మాట ఎన్ని వందల సార్లు రాశానో. వాతావరణ శాఖవాళ్ళ ఇంగ్లీషు బులెటిన్లలో తుపాను కోస్తాను ‘క్రాస్’ చేసిందని ఉంటుంది. మేం దాన్ని తీరం దాటించాం.

మనకది సరిపోయింది కూడా. మన సముద్రం తూర్పున, నేల పడమర. తుపానుకు మేత వేడి నీటి మీంచి లేచే ఆవిరి. నేల ఎక్కితే ఆ మేత ఆగిపోతుంది. కొండా చెట్టూ అడ్డుపడి గాలి నెమ్మదిస్తుంది. తుపాను కాస్తా వాయుగుండమై, అల్పపీడనమై, తెలంగాణ మీదో ఛత్తీస్‌గఢ్ మీదో వానగా కురిసి పోతుంది. అందుకే మనం ‘తీరం దాటింది’ అన్నప్పుడు ఒక సంగతి చెబుతూ లోపల ఇంకోటి కలిపేస్తాం: ఇక గండం గడిచిందని. ఆ హెడ్డింగ్ పెట్టి మేం ఇంటికి పోయేవాళ్ళం, చదివేవాళ్ళు ఊపిరి పీల్చుకునేవాళ్ళు.

కోరో దీవి వైశాల్యం వంద చదరపు కిలోమీటర్ల చిల్లర. అంతటి తుపానుకు అది నేల ఎక్కినట్టే లెక్క కాదు. ముందూ వెనకా వేడి నీళ్ళే. దాటిందని రాస్తే మీ పిల్లలకు తప్పుడు ధైర్యం చెప్పినట్టవుతుంది.

ఉప్పాడపిల్ల:
డెస్కు మాస్టారూ, మనకైనా సరిపోయిందని ఎవరన్నారు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నాడు నేను విశాఖలో హాస్టల్లో ఉన్నాను. తుపాను కన్ను, అంటే మధ్యలో గాలి ఉండని చోటు, ఊరి మీంచే పోయింది. గాలి ఆగింది, అయిపోయిందనుకుని కొందరు కిందికి దిగారు. కాసేపటికి అటునుంచి కొట్టడం మొదలైంది. అప్పటిదాకా పట్టుకుని ఉన్న కిటికీలు ఆ రెండో దెబ్బకు పోయాయి. ఫోన్లో మా అమ్మ అడిగిన మొదటి మాట “గాలి తిరిగిందా?” అని. దాటిందా అని కాదు. మాకు అదే లెక్క. గాలి తిరిగి, రెండోది కూడా అయ్యాకే బయటికి రావాలి.

2023లో మిచౌంగ్ అయితే బాపట్ల దగ్గర ఎక్కే ముందు ఒడ్డు పట్టుకునే పైకొచ్చింది. దాటకుండానే నెల్లూరుని తడిపేసింది.

తెలుగు మేష్టారు:
అసలు ‘గాలివాన’ అనే చక్కటి మాట ఉండగా ఈ తుఫాను ఎందుకు? అది కూడా అరబ్బీ పారశీల మీదుగా వచ్చిన మాట. పైగా తుఫానా, తుపానా అని మరో గొడవ.

పాతడెస్కు:
మేష్టారూ, వేసవి సాయంత్రం మామిడికాయలు రాల్చేది కూడా గాలివానే. గంటకు 280 కిలోమీటర్ల గాలితో వచ్చి 44 మందిని చంపినదానికీ అదే మాటంటే పిల్లలు ఏం ఊహించుకుంటారు? ఫ, ప గొడవ ఇంకో దారంలో (థ్రెడ్‌లో) పెట్టుకుందాం, దండం.

తూనీగ:
‘తాకింది’ అంటే ఎలా ఉంటుంది?

పాతడెస్కు:
విచిత్రం చూడమ్మా. ‘తుపాను తాకిడికి ఇళ్ళు కూలాయి’ అంటే గట్టిగా ఉంది. ‘తుపాను తాకింది’ అంటే చెయ్యి వేసి చూసినట్టుంది. నామవాచకంలో ఉన్న బలం క్రియలో లేదు. ‘విరుచుకుపడింది’ మేమే వాడి వాడి అరగదీశాం, అది వద్దు.

ఆక్లాండ్ తెలుగోడు:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. మా ఆఫీసులో ఒకాయనది రకిరకి. ఆయన ముత్తాత గిర్మిట్ కూలీగా, అంటే ఒప్పందం మీద పనికి, ఫిజీ వెళ్ళాడు. 1903 నుంచి మద్రాసు రేవులో ఎక్కించిన వాళ్ళలో మన విశాఖ జిల్లా వాళ్ళూ ఉన్నారు కదా, ఆ బాపతు. ఇంట్లో తెలుగు దాదాపు పోయింది, మాట్లాడేది ఫిజీ హిందీ. ఈ దారం చూసి ఆయన్ని అడిగాను. వాళ్ళు “తూఫాన్ మారిస్” అంటారట. తుపాను కొట్టింది, అంతే. దాటడమూ లేదు, తీరమూ లేదు.

ఫిజియన్ల మాట ఇంకా బాగుంది. రాసేటప్పుడు ఇంగ్లీషు సి అక్షరంతో మొదలవుతుంది గానీ పలికేది ‘దంగిలంబ’ అన్నట్టు, ద దగ్గర నాలుక పళ్ళ మధ్య పెట్టి. దంగి అంటే గాలి. లంబ అంటే హత్య, దొంగదెబ్బ తీసి చంపడం.

ఆయన ఇంకో మాట చెప్పాడు. రకిరకిలో పెనాంగ్ అని చక్కెర మిల్లు ఉండేది. విన్‌స్టన్ దెబ్బకు మూతపడి మళ్ళీ తెరవలేదు. అక్కడి చెరకు ఆ తర్వాత లారీల్లో బా ఊరి మిల్లుకు పోయేది. “మీ తుపాను దాటిపోయిందేమో, మాది మా ఊళ్ళోనే ఉంది” అన్నాడు.

ఉప్పాడపిల్ల:
చంపుడుగాలి! అన్నా, ఈ మాట నేను ఉంచేసుకుంటున్నా.

తెలుగు మేష్టారు:
‘హంతక వాయువు’ అనవచ్చు.

ఉప్పాడపిల్ల:
మేష్టారూ, అది ఫ్యాక్టరీలో లీకైనట్టుంది.

తూనీగ:
ఇంకొక్క చోట చూడండి. విన్‌స్టన్ దారి మామూలుగా లేదు. ఫిజీకి పడమటనున్న వనువాటు దీవుల దగ్గర పుట్టి ఆగ్నేయంగా దిగింది, తర్వాత ఈశాన్యానికి మళ్ళి ఫిజీకి తూర్పునున్న టోంగా దాకా పోయింది. బలం కూడా తగ్గింది. అక్కడితో ఆగిపోక, దక్షిణాన అధిక పీడనం గట్టిపడి పడమటికి నెడితే వెనక్కొచ్చి, టోంగాలోని వవావు దీవుల్ని రెండోసారి కొట్టి, వేడి నీళ్ళ మీద బలం పుంజుకుని ఫిజీ మీద పడింది. నేను “టోంగా దగ్గర తుపాను తిరుగుముఖం పట్టింది” అని రాశాను. బాగానే ఉందా?

పాతడెస్కు:
కొట్టెయ్యమ్మా, ముందు దాన్ని కొట్టెయ్! జ్వరం తిరుగుముఖం పట్టిందంటే తగ్గిందని. వరద తిరుగుముఖం పట్టిందంటే తీసిందని. నువ్వు చెప్పదలచుకున్నదానికి సరిగ్గా ఎదురు. దక్షిణార్ధ గోళంలో నమోదైన తుపానుల్లో అన్నిటికన్నా బలమైనదని దీన్ని చెబుతారు, అది తగ్గుముఖం పట్టిందని రాస్తే ఎలా?

మాటలు అక్షరాలా చూస్తే నువ్వు రాసింది తప్పు కాదు. ముఖం తిప్పింది, నిజమే. కానీ తెలుగులో ఆ రెండు మాటలూ కలిస్తే మనిషికి ఊరట వస్తుంది. ‘తీరం దాటింది’ లాగే.

తూనీగ:
సరే, ఇలా మార్చాను. ఇక ఆపకండి నన్ను.

“టోంగా దాకా పోయిన తుపాను అక్కడ మళ్ళుకుని, వచ్చిన వైపుకే బయలుదేరింది. ఈసారి మరింత బలంతో. ఫిబ్రవరి 20న వనువా బలావు మీదుగా వచ్చి, కోరో దీవిని తొక్కుకుంటూ పోయి, సాయంత్రం వీటి లేవు ఉత్తరపు ఒడ్డున రకిరకి వైపు కొట్టింది. గాలి ఒకవైపు నుంచి కొట్టి ఆగితే అయిపోయినట్టు కాదు. తిరిగి రెండో వైపు నుంచి కొడుతుంది. ఫిజీలో 30 వేలకు పైగా ఇళ్ళు కూలడమో దెబ్బతినడమో జరిగింది. 44 మంది మృత్యువాత పడ్డారు.”

ఉప్పాడపిల్ల:
గాలి తిరగడం పెట్టారు! అమ్మకు చదివి వినిపిస్తా.

పాతడెస్కు:
‘చనిపోయారు’ చాలమ్మా. మృత్యువాత మా డెస్కు జబ్బు.