పాత చషాకు గొట్టం మీద ‘నమిద’ అని ఉంది, అర్థమేంటి?

గిన్నె_కుంచె: చషాకు అంటే మచ్చా (గ్రీన్ టీ) పొడి తీసే చెంచా, నాది పాత జపాన్ వెదురుది. సుమారు 18 సెం.మీ., మధ్యలో కణుపు. కూడా ఉన్న గొట్టం మీద ‘నమిద’ అని, కింద ముడిలాంటి సంతకం. ‘నమిద’ చేసినవారి పేరా? వంపులో పొడి గట్టిపడింది, కడగొచ్చా?

వెదురుకణుపు: కడగొద్దండీ! వెదురుని తడిపి, వేడి చూపించి ఆ కొన వంచుతారు. మళ్లీ నీళ్లు తగిలితే వంపు సాగిపోతుంది, లోపల తేమ నిలిచి బూజు పడుతుంది. మెత్తటి పొడి కాగితం మడిచి, పిడి నుంచి కొన వైపు తుడవండి. గట్టిపడ్డ పొడిని వెదురుపుల్ల మొండి కొనతో మెల్లగా కదిలించండి. గోరు, బ్లేడు వద్దు. నూనె అసలే వద్దు, తర్వాత పొడి అంతా దానికే అతుక్కుంటుంది.

పొగవెదురు: ‘నమిద’ అంటే కన్నీరు. అది చెంచాకి పెట్టిన పేరు, దాన్ని ‘మే’ అంటారు. కింద ముడిలా ఉన్నది ‘కావో’, చేతి గుర్తు.

ఆ పేరుతో అసలు చెంచా జపాన్ తేనీటి గురువు సెన్ నో రిక్యూ చెక్కినది. 1591లో అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి ఆయన్ని ప్రాణం తీసుకోమని ఆజ్ఞాపించాడు. చివరి తేనీటి విందుకి తన చేత్తో చేసుకున్న ఆ చెంచాని శిష్యుడు ఫురుతా ఒరిబెకి ఇచ్చాడని చెబుతారు. ఒరిబె దానికి నల్ల లక్క పూసిన గొట్టం చేయించి, నిలువుగా కిటికీ కోయించాడు. గొట్టాన్ని నిలబెట్టి, లోపలి చెంచాకే గురువుగారి స్మృతిఫలకంలా మొక్కేవాడట. ఒరిబెకి కూడా 1615లో అదే ఆజ్ఞ వచ్చింది. చెంచా ఇప్పుడు నగోయాలోని తొకుగావా ఆర్ట్ మ్యూజియంలో ఉంది.

మధ్యలో కణుపు ఉంచడం రిక్యూ నుంచే స్థిరపడింది. అంతకు ముందు కణుపులేని దంతం చెంచాలదే గొప్ప.

గిన్నె_కుంచె: నా గొట్టమూ నల్లదే అండీ, ముందు సన్నటి కిటికీ ఉంది!

పొగవెదురు: అయితే అది ‘ఉత్సుషి’, అంటే అసలుని చూసి భక్తిగా చేసిన ప్రతి. నకిలీ అనుకోకండి, అదొక సంప్రదాయం. ఎవరు చేశారో కావోనే చెబుతుంది. పెట్టె మూత లోపలి వైపు కూడా చూడండి, అదే గుర్తు ఉంటే రెండూ జత. చెంచా, గొట్టం, పెట్టె ఎప్పుడూ విడదీయకండి.

వెదురుకణుపు: వాడుకోవచ్చు కూడా. పలుచటి టీకి ఒకటిన్నర చెంచా, దాదాపు 2 గ్రాములు. గిన్నె పూర్తిగా ఆరాకే పొడి వేయండి, తడి ఆవిరి తగిలితే కొనకి మళ్లీ గట్టిపడుతుంది.