ఆటోమేటిక్ లాకింగ్ హబ్‌ల నుంచి టకటక శబ్దం: మార్చే ముందు ఏమేమి పరీక్షించాలి?

ప్రశ్న

నమస్కారం. మేము అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్‌కు పడమటి వైపున కొండ దారులు మొదలయ్యే చోట ఉంటున్నాము. నా దగ్గర 1990ల మధ్యకాలం నాటి చిన్న పికప్ ట్రక్కు ఉంది. అది పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్ బండి, అంటే మామూలుగా ఇంజిన్ బలం వెనక చక్రాలకే వెళ్తుంది, అవసరమైనప్పుడు ముందు చక్రాలకూ కలపవచ్చు. ముందు చక్రాలకు ఆటోమేటిక్ లాకింగ్ హబ్‌లు (చక్రాన్ని యాక్సిల్ షాఫ్ట్‌తో వాటంతట అవే కలిపి, విడదీసే భాగాలు) ఉన్నాయి. చలి మొదలైనప్పటి నుంచి ఉదయం బయలుదేరగానే, లీవరు టూ-హైలోనే (వెనక చక్రాలకే బలం వెళ్లే స్థానంలో) ఉన్నప్పటికీ, ముందు ఎడమ చక్రం దగ్గర పళ్ల మీద పళ్లు జారుతున్నట్టు టకటకమని శబ్దం వస్తోంది. కొంత దూరం నడిచాక దానంతట అదే తగ్గిపోతుంది. ఇది కాక, మంచులో ఫోర్-హై (నాలుగు చక్రాలకూ బలం వెళ్లే స్థానం) వేసుకుని పల్లానికి దిగుతూ యాక్సిలరేటర్ వదిలితే ఒకసారి ఠక్కుమంటుంది, మళ్లీ తొక్కితే మరోసారి ఠక్కుమంటుంది. వర్క్‌షాపు వారు బండిని ఎత్తి చూడకుండానే రెండు హబ్‌లూ కొత్తవి వేయాలని అంటున్నారు. అంత ఖర్చు పెట్టే ముందు నేను స్వయంగా చూసుకోగలిగినవి ఏమైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

మీరు రెండు శబ్దాలను విడివిడిగా వర్ణించడం మంచిదయింది, ఎందుకంటే వాటి కారణాలు వేరు. ముందుగా మీ హబ్ ఏ రకమో నిర్ధారించుకోండి. ఫోర్డ్ రేంజర్ వంటి బండ్లలో 1998 నుంచి 2000 వరకు వాక్యూమ్‌తో పనిచేసే హబ్‌లు వచ్చాయి, వాటిలో గొట్టాలు, సీళ్లు, సొలినాయిడ్ (విద్యుత్తుతో పనిచేసే కవాటం) వెతకాలి. మీ బండి అంతకు ముందుది కాబట్టి, గొట్టాలేవీ లేకుండా కేవలం కామ్ బలంతో లాక్ అయ్యే రకమే అయి ఉంటుంది. ఈ రకంలో ముందు యాక్సిల్ షాఫ్ట్ తిరగడమే ఆజ్ఞ. ఫోర్-హై వేయగానే షాఫ్ట్ తిరుగుతుంది, స్పిండిల్‌కు (చక్రం తన చుట్టూ తిరిగే, తాను తిరగని ఇరుసుకు) కదలకుండా బిగించిన కామ్ (వాలు అంచులున్న వలయం) ఏటవాలు మీదికి లోపలి భాగం ఎక్కుతుంది, ఆ ఎక్కుడుతో క్లచ్ గేరు (పక్కకు జరిగే పళ్ల చక్రం) బయటికి జరిగి హబ్ పళ్లను పట్టుకుంటుంది.

ఇప్పుడు చలి ఉదయపు శబ్దం చూడండి. టూ-హైలో షాఫ్ట్ నిలిచి ఉండాలి. కానీ ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే గేర్ల పెట్టె) లోని ఆయిలు చలికి చిక్కబడితే, లోపల తిరిగే భాగాలు ఆ ఆయిలు ద్వారానే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (ముందు యాక్సిల్‌కు బలం తీసుకెళ్లే కడ్డీని) కొద్దికొద్దిగా ఈడ్చుకుపోతాయి. యాక్సిల్ నెమ్మదిగా తిరుగుతుంది, హబ్ దానిని ఆజ్ఞగా భావించి లాక్ కాబోతుంది, చక్రం వేగం వేరు కావడం వల్ల పళ్లు కుదరక జారిపోతాయి. మీరు వింటున్న టకటక అదే కావచ్చు. ఆయిలు వేడెక్కి పలచబడగానే శబ్దం ఆగిపోవడం ఈ అనుమానాన్ని బలపరుస్తోంది. కాబట్టి మొదటి ఖర్చు ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిలు మీద పెట్టండి. ఆ కాలపు చిన్న పికప్‌ల ట్రాన్స్‌ఫర్ కేసులు చాలావాటిలో పోయవలసింది పలచని ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్. పాత యజమాని ఎవరైనా అందులో చిక్కని గేరు ఆయిలు పోసి ఉంటే ఈ శబ్దం రావడంలో ఆశ్చర్యం లేదు. ఓనర్స్ మాన్యువల్‌లో ఏది రాశారో చూసి అదే పోయండి.

పల్లంలో వచ్చే ఠక్కు సంగతి వేరు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ చక్రాన్ని తిప్పుతుంది, వదిలినప్పుడు చక్రమే యాక్సిల్‌ను తోస్తుంది. ఆ మలుపులో క్లచ్ గేరు కామ్ ఒక వాలు నుంచి దిగి రెండో వాలు ఎక్కుతుంది. ఒక్క ఠక్కు ఈ నిర్మాణంలో ఉన్న గుణమే అనుకోవచ్చు. వరుసగా గరగరమని పళ్లు రాసుకుంటే మాత్రం ప్రయాణం కొనసాగించకండి.

రెండో సమాధానం

పై మాటలతో నేను ఏకీభవిస్తాను. అయితే శబ్దం ఎడమ వైపు నుంచే వస్తోందన్న విషయాన్ని వదిలిపెట్టకూడదు. ఆయిలు ఈడ్పు ఒక్కటే కారణమైతే రెండు వైపులా ఎంతో కొంత వినిపించాలి. చదునైన చోట వెనక చక్రాలకు అడ్డు కట్టెలు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. జాకీ మీదే ఉంచి పని చేయవద్దని మనవి. లీవరు టూ-హైలో ఉంచి ఒక్కొక్క చక్రాన్ని చేత్తో తిప్పితే లోపలి యాక్సిల్ షాఫ్ట్ కదలకూడదు. చక్రంతో పాటు అది కూడా తిరుగుతూ ఉంటే ఆ హబ్ లాక్‌లోనే చిక్కుకుపోయింది. తరువాత చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపి చూడండి. ఆట (వదులు కదలిక) కనిపిస్తే ముందు వీల్ బేరింగు బిగింపు సరిచేయాలి, ఎందుకంటే బేరింగు వదులైతే కామ్‌కూ హబ్‌కూ మధ్య దూరం మారిపోయి, మంచి హబ్ కూడా సగమే పట్టుకుంటుంది.

ఫోర్-హై నుంచి టూ-హైకి మార్చిన ప్రతిసారీ బండిని తిన్నగా మూడు మీటర్లకు తగ్గకుండా వెనక్కి నడుపుతున్నారా? అలా చేయకపోతే కామ్ హబ్ పూర్తిగా విడిపోదు. పొడి రోడ్డు మీద ఫోర్-హైలో నడిపి ఉంటే ముందు వెనక యాక్సిళ్ల మధ్య బిగువు చేరి, లీవరు మారినా ట్రాన్స్‌ఫర్ కేసు లోపల గేరు విడవదు. ఆ బిగువు కూడా వెనక్కి నడిపితే వదులుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే పరీక్షించాను. కుడి వైపు షాఫ్ట్ కదలలేదు. ఎడమ వైపు షాఫ్ట్ మాత్రం ఆగుతూ ఆగుతూ చక్రంతో తిరుగుతోంది. బేరింగులో ఆట లేదు. చక్రం తీసి, స్టడ్‌ల మీద ఉన్న వాషర్లు తొలగించి హబ్‌ను బయటికి లాగితే, లోపల ముదురు గోధుమ రంగు గ్రీజు మైనంలా గట్టిపడి నిండుగా ఉంది. ఎవరో బేరింగు గ్రీజునే కుక్కినట్టున్నారు. ఇప్పుడు ఏమి చేయాలి?

రెండో సమాధానం ఇచ్చినవారు

అయితే అసలు దోషం మీకు దొరికింది. ఈ హబ్‌లో గ్రీజు ఎక్కువైతే అది మేలు కాదు, అడ్డంకి. స్ప్రింగు క్లచ్ గేరును వెనక్కి నెట్టలేకపోతుంది, పళ్లు సగం తగులుతూ ఉండిపోతాయి. హబ్ మొత్తాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. క్లచ్ గేరు పళ్ల అంచులు గుండ్రంగా అరిగాయేమో, కామ్‌లో పగులు ఉందేమో వేలితో తడిమి చూడండి. కామ్ ప్లాస్టిక్‌ది అయితే పగులు కంటికి సులభంగా కనిపించదు, దీపం పెట్టి చూడవలసి ఉంటుంది. అన్నీ బాగుంటే మాన్యువల్ సూచించిన గ్రీజును పలచని పూతగా మాత్రమే రాసి, మూతకు కొత్త ఓ-రింగ్ వేసి బిగించండి. కుడి వైపు కూడా విప్పి అదే పని చేయడం తప్పనిసరి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. బేరింగు నట్టు తిప్పవలసి వస్తే ముందుగా దాని గాడిలో ఉన్న లాకింగ్ కీని అయస్కాంతంతో బయటికి తీయాలి. కీ ఉండగానే నట్టు తిప్పితే స్పిండిల్ మర పాడవుతుంది. హబ్ కంటే స్పిండిల్ మార్చడమే పెద్ద పని.

మొదటి సమాధానం ఇచ్చినవారు

పళ్లు అరిగి ఉంటే కొత్త ఆటోమేటిక్ హబ్‌లు కొనకుండా, చేత్తో తిప్పి లాక్ చేసే మాన్యువల్ హబ్‌లు వేసుకోమని నా సలహా. వార్న్ సంస్థ 1948లో జీపుల కోసం ఇలాంటి హబ్‌లతోనే మొదలైంది, ఆ నిర్మాణంలో చెడిపోయే భాగాలు చాలా తక్కువ. అయితే మార్చేటప్పుడు హబ్‌తో పాటు బేరింగు నట్ల కిట్ కూడా తెప్పించుకోండి, ఎందుకంటే మీ బండిలో ఉన్న ఒకే నట్టు, కీ అమరికకు బదులుగా అందులో రెండు నట్లు, మధ్యలో లాక్ వాషర్ వస్తాయి. మంచు కురిసే రోజున బయలుదేరే ముందే రెండు హబ్‌లనూ లాక్ చేసి ఉంచవచ్చు. టూ-హైలో ఆ స్థితిలో నడిపినా కొద్దిపాటి ఇంధనం తప్ప నష్టం లేదు. ఒక్క వైపు మాత్రమే లాక్ చేసి ఫోర్-హై వేస్తే మాత్రం డిఫరెన్షియల్ (రెండు వైపుల షాఫ్ట్‌లకూ బలం పంచే గేర్ల అమరిక) బలమంతా విడిగా ఉన్న వైపు షాఫ్ట్‌ను ఊరికే తిప్పుతుంది, ముందు చక్రాలకు పట్టు రాదు.