న్యాక్ దరఖాస్తు: ఇంటర్న్‌షిప్ ఆధారాలు ఎలా సిద్ధం చేశారు?

సుద్దముక్క:
అందరికీ నమస్కారం. ఒక బీఈడీ కళాశాలలో తెలుగు బోధన పద్ధతులు చెబుతాను. మా కళాశాల తొలిసారి, కళాశాలల నాణ్యతను అంచనా వేసి గ్రేడు ఇచ్చే సంస్థ అయిన న్యాక్‌కు వెళుతోంది. కళాశాలలో నాణ్యత వ్యవహారాలు చూసే ఐక్యూఏసీ విభాగం సమన్వయకర్త బాధ్యత నాకు అప్పగించారు. గదులు, గ్రంథాలయం, అధ్యాపకుల అర్హత పత్రాల వరకు ఇబ్బంది లేదు. ఇంటర్న్‌షిప్ దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆడటం లేదు. బీఈడీ విద్యార్థులు రెండో ఏడాది 16 వారాలు పాఠశాలలో ఉండి పాఠాలు చెప్పాలి కదా, మా హాజరు పట్టీలో అందరికీ నూటికి నూరు ఉంది. పాఠశాలలకు వెళ్లి అడిగితే అలా లేదు. ఆ పట్టీని అప్‌లోడ్ చేయడానికి మనసు ఒప్పుకోవడం లేదు. ఈ పని చేసినవారు మీ అనుభవం చెప్పండి.

పాత ప్రిన్సిపాల్:
మేడమ్, ఆ పట్టీ పంపకండి. ముందుగా ఒక విషయం. ఉపాధ్యాయ విద్యను నియంత్రించే ఎన్‌సీటీఈ ఇచ్చేది గుర్తింపు. 1993 నాటి చట్టం ప్రకారం అది లేనిదే బీఈడీ నడపకూడదు. న్యాక్ చేసేది నాణ్యత అంచనా. గుర్తింపు కోసం కట్టిన ఫైలుకే అట్ట మార్చి న్యాక్‌కు పంపే అలవాటు చాలాచోట్ల చూశాను. 2017లో న్యాక్ పద్ధతి మారినప్పటి నుంచి ఎక్కువ మార్కులు కళాశాల ఇచ్చే అంకెలకే వెళ్లాయి. ఆ అంకెలను బయటివారు సరిచూస్తారు. విద్యార్థుల అభిప్రాయాలను కూడా మన ప్రమేయం లేకుండా నేరుగా వారి ఈమెయిల్‌కే ప్రశ్నలు పంపి తీసుకున్నారు. మీ పట్టీ ఒకటి చెప్పి, పిల్లలు మరొకటి చెబితే మిగతా కాగితాల మీద కూడా నమ్మకం పోతుంది.

2018లో మా దగ్గరికి న్యాక్ బృందం వచ్చింది. ఒక సభ్యురాలు పాఠ్యపథకాల రికార్డుల దొంతర నుంచి ఒకటి లాగి, అది రాసిన అబ్బాయిని పిలిపించారు. ‘ఈ పాఠం చెప్పిన రోజు పిల్లలు నిన్ను ఏమడిగారు?’ అన్నారు. అబ్బాయి తలదించుకున్నాడు. రికార్డు మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో, రంగుల పెన్నులతో ఉంది. తర్వాత తీసిన రికార్డులో సగం కొట్టివేతలే. కానీ ఆ అమ్మాయి జొన్నరొట్టె తుంచి భిన్నాలు ఎలా చెప్పిందో, మూడో వంతు పెద్దదా నాలుగో వంతు పెద్దదా అని ఒక పిల్లవాడు వాదిస్తే తాను ఎలా తడబడిందో పది నిమిషాలు చెప్పింది. ఆ సభ్యురాలు చివరిదాకా ఆ పుస్తకాన్ని చేతిలోనే ఉంచుకున్నారు.

మరుసటి ఏడాది నుంచి రికార్డు తీరు మార్చాం. కుడిపేజీలో పథకం. ఎడమపేజీ ఖాళీ. తరగతిలో జరిగింది ఆ రోజే, పాఠశాలలోనే అక్కడ రాయాలి. పర్యవేక్షించిన ఉపాధ్యాయుడు తేదీ వేసి సంతకం చేయాలి. మొదట ఎడమపేజీల్లో ‘పాఠం బాగా జరిగింది’ అనే ఒక్క వాక్యమే ఉండేది. దాన్ని తిప్పి పంపుతూ పోయాం. అలా పంపడానికి మాకు ఓపిక చాలా కావలసి వచ్చింది.

జడ్పీ హెచ్ఎం:
పాఠశాల వైపు మాట నేను చెబుతాను. జాబితాలో తొమ్మిది మంది ఛాత్రోపాధ్యాయులు (బీఈడీ విద్యార్థులు) ఉంటే వచ్చేది నలుగురు. చివరి వారంలో తొమ్మిది ధ్రువపత్రాల మీద సంతకం కోసం కళాశాల నుంచి ఫోన్లు వస్తాయి. మా తప్పూ ఉంది. సెలవు పెట్టిన ఉపాధ్యాయుడి పీరియడ్‌కు వాళ్లను పంపి, ఎవరం వెళ్లి చూడం.

ఇన్నేళ్లలో ఒకే ఒక్క కళాశాల అధ్యాపకుడు ప్రతి శుక్రవారం వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు. పాఠం అయ్యాక మా గణితం మాస్టారిని కూడా కలుపుకుని ముగ్గురూ మాట్లాడుకునేవారు. ఆ ఏడాది మా మాస్టారి బోధన కూడా మారింది.

రెండో పీరియడ్:
ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నేను తరగతులకు వెళ్లకుండానే, అంటే నాన్ అటెండింగ్‌లో బీఈడీ చేశాను. ఇంట్లో పరిస్థితి వల్ల ఉద్యోగం మానలేకపోయాను. ఫీజు మీద అదనంగా కట్టాను, రికార్డులు డబ్బిచ్చి రాయించాను. డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు ఎనిమిదో తరగతిలో నలభై మంది ఎదుట నిలబడితే, పాఠం పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. మిగతా సమయం ఏం చేయాలో తెలియలేదు. ఆ పిల్లలకు నేను ఒక ఏడాది బాకీ ఉన్నాను. మేడమ్, మీ విద్యార్థులను తప్పకుండా పంపండి.

ఎడమ బెంచీ:
అందరూ రికార్డుల గురించి అంటున్నారు, వాటిని చూసేదెవరు? 2014 నిబంధనల్లో 200 మంది విద్యార్థులకు 16 మంది పూర్తికాలం అధ్యాపకులు ఉండాలని ఉంది. నేను పనిచేసిన చోట కాగితం మీద 16, తరగతిలో ఆరుగురం. ఆరుగురు ఎన్ని పాఠశాలలు తిరుగుతారు? 2012లో జస్టిస్ వర్మ కమిషన్ ఉపాధ్యాయ విద్య లోపాలను కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లా విద్యాసంస్థకు మంచి గ్రేడు కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణపై న్యాక్ పరిశీలన బృంద సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది. సమన్వయకర్త ఒక్కరి నిజాయితీ మీద ఇంత భారం పెట్టడం అన్యాయం. యాజమాన్యాన్ని అడగాలి.

పాత ప్రిన్సిపాల్:
అధ్యాపకుల కొరత మాట నిజం. మేమూ అన్ని పాఠశాలలకూ వెళ్లలేకపోయాం. అందుకే దూరంగా ఉన్నవి వదిలి, కళాశాలకు దగ్గరలోని ఎనిమిది పాఠశాలలనే ఎంచుకున్నాం.

సుద్దముక్క:
అందరికీ కృతజ్ఞతలు. ‘రెండో పీరియడ్’ గారి మాటలు స్టాఫ్‌రూమ్‌లో చదివి వినిపించాను, ఎవరూ మాట్లాడలేదు. ఈ ఏడాది అసలు హాజరే చూపుదామని ప్రిన్సిపాల్‌ను అడిగాను. యాజమాన్యంతో మాట్లాడి చెబుతామన్నారు, ఇంకా జవాబు రాలేదు. ఎడమపేజీ పద్ధతి మాత్రం ఈ సోమవారం నుంచి నా విభాగంలో మొదలుపెడుతున్నాను. హెచ్ఎం గారూ, ఆ శుక్రవారం మాటలు ఎక్కడైనా రాసి పెట్టేవారా?

జడ్పీ హెచ్ఎం:
రాసేవారమ్మా. మామూలు రెండు వందల పేజీల నోటుబుక్కు. పాఠం చెప్పిన విద్యార్థి రాసేవాడు, ముగ్గురూ సంతకం చేసేవారు. అది ఇంకా మా బీరువాలోనే ఉంది. ఫొటోలు తీసి పంపుతాను.