రెక్క ఊడితేనే కూలినట్టా? విమాన యుద్ధ గేముల్లో (సిమ్‌లలో) ఫైటర్లు ఎన్ని దెబ్బలు తట్టుకోవాలి?

గురిపెట్టు:
అందరికీ నమస్తే. రెండో ప్రపంచ యుద్ధ విమానాల గేమ్ ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్‌లో ఎక్కువగా అమెరికన్ ఫైటర్ పీ-51 మస్టాంగ్ నడుపుతాను. నిన్న రాత్రి ఒక జర్మన్ ఫైటర్ ఫోకవుల్ఫ్ 190 వెనక చేరి, దగ్గర నుంచే పొడుగాటి బర్స్ట్ వదిలాను. తూటాలు తగిలిన మెరుపులు కనిపించాయి, వెనక పెట్రోలు కారుతున్న తెల్లటి చార కూడా పడింది. అయినా అది డైవ్ కొట్టి దర్జాగా వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంకో జర్మన్ ఫైటర్, మెసర్‌ష్మిట్ 109 కే-4, నాకు ఒకే ఒక్క 30 ఎంఎం గుండు తగిలించింది, రెక్క ఊడిపోయింది! నిజంగా ఇలాగే ఉండేదా, లేక గేమ్ జర్మన్ల పక్షమా? వార్ థండర్, డీసీఎస్ లాంటి వేరే విమాన గేములు ఆడేవాళ్లు కూడా మీ అనుభవం చెప్పండి.

రేడియల్‌రాజు:
పక్షపాతం కాదు తమ్ముడూ, బరువు లెక్క చూడు. నీ మస్టాంగ్ .50 (అర అంగుళం) తూటా దాదాపు 46 గ్రాములు, లోపల పేలుడు మందు ఉండదు. కే-4 ముక్కులో ఉన్న 30 ఎంఎం ఫిరంగి ఎంకే 108 గుండు 330 గ్రాములు, అందులో 70 గ్రాములకు పైగా మందే. పల్చటి డొల్లలో మందు దట్టించిన గుండు అది. రెక్క లోపలికి దూరి పేలితే ఆ ఒత్తిడికి రేకు ఉబ్బి చిరిగిపోతుంది. బీ-17 లాంటి నాలుగింజన్ల బాంబర్‌ను పడగొట్టడానికి 20 ఎంఎం అయితే సుమారు 20 దెబ్బలు, 30 ఎంఎం అయితే మూడో నాలుగో చాలని జర్మన్లే అంచనా వేసుకున్నారు. ఇక సింగిల్ ఇంజన్ ఫైటర్ ఎంత?

నీ .50 విషయంలో మాత్రం ఫిర్యాదు న్యాయమైనదే. ఐఎల్-2లో చాలాకాలం వాటికి కవచం చీల్చే గుణం తప్ప నిప్పంటించే గుణం లేదు. అసలు యుద్ధంలో అమెరికన్ తూటాల బలమంతా ఆ నిప్పులోనే ఉంది. రంధ్రం మాత్రమే చేసే తూటాకీ, రంధ్రం చేసి ట్యాంకును అంటించే తూటాకీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

పాతజాయ్‌స్టిక్:
1998లో వచ్చిన మైక్రోసాఫ్ట్ కాంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో! దాంట్లో ఒక్కో విమానానికి ఒక డీపీ ఫైలు ఉండేది. విమానాన్ని డబ్బాలుగా విడగొట్టి రెక్కకు ఇన్ని పాయింట్లు, తోకకు ఇన్ని, ఇంజన్‌కు ఇన్ని అని రాసి ఉంచేవాళ్లు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి అంకెలు మార్చేస్తే బలహీనమైన విమానం కూడా యుద్ధ ట్యాంకైపోయేది. మా హాస్టల్‌లో ఈ దొంగతనం మీద గొడవలు కూడా జరిగాయి.

ఇప్పుడు డబ్బాలు చిన్నవయ్యాయి, సంఖ్య పెరిగింది. చమురు గొట్టం వేరు, రేడియేటర్ వేరు, పైలట్ మోచేయి వేరు. కానీ రెక్క విషయానికొస్తే చాలా గేముల్లో అడుగున ఉన్నది ఇప్పటికీ ఆ పాయింట్ల లెక్కే అని నా అనుమానం. ఒకే చోట తగిలిన పది తూటాలకూ, రెక్క పొడుగునా చెల్లాచెదురైన పది తూటాలకూ తేడా చూపించని గేమ్‌లో మస్టాంగ్‌కు న్యాయం జరగదు.

మెర్లిన్‌ఫ్యాన్:
నాకు గేముల్లో అన్నిటికన్నా నిజంగా అనిపించేది కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) లీకు. మస్టాంగ్ పొట్ట కింద రేడియేటర్‌కు చిన్న రంధ్రం పడితే చాలు. మొదట సన్నటి ఆవిరి, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. తర్వాత ఉష్ణోగ్రత ముల్లు మెల్లగా ఎర్రగీత వైపు జరుగుతుంది. కొన్ని నిమిషాల్లో ఇంజన్ బిగుసుకుపోతుంది. ఇల్లు చేరతామా లేదా అని మ్యాప్ చూస్తూ కూర్చునే ఆ టెన్షన్ ముందు రెక్క ఊడటం ఎంత!

అదే ఇంకో అమెరికన్ ఫైటర్ పీ-47 అయితే కథ వేరు. గాలితో చల్లబడే 18 సిలిండర్ల ఇంజన్. 1943 జూన్ 26న పీ-47 నడిపిన అమెరికన్ పైలట్ రాబర్ట్ జాన్సన్ సంగతి తెలిసిందే కదా. కనోపీ (పైలట్ తల మీది అద్దపు మూత) బిగుసుకుపోయి దూకలేక, దెబ్బతిన్న విమానంలోనే ఇంగ్లండ్‌కు తిరుగు దారి పట్టాడు. ఒక ఫోకవుల్ఫ్ 190 వెంటపడి తూటాలు అయిపోయేదాకా కాల్చి, చివరికి రెక్కలూపి వెళ్లిపోయింది. దిగాక ఆయన రంధ్రాలు లెక్కపెడితే, నిలబడ్డ చోటు నుంచే 200 దాటాయి. ఐఎల్-2లో నా పీ-47 అందులో పావు వంతు కూడా తట్టుకోదు.

సందేహి:
జాన్సన్ కథ ప్రతి చర్చలోనూ వస్తుంది, ఎందుకంటే ఆయన తిరిగొచ్చాడు. నాలుగు తూటాలకే కూలిన పీ-47 పైలట్ల కథలు చెప్పడానికి ఎవరు మిగిలారు? పైగా ఆ చివరి దాడికి జర్మన్ దగ్గర మిగిలినవి ఎక్కువగా 7.92 ఎంఎం తూటాలే అంటారు. అదే పనిగా 20 ఎంఎం పడి ఉంటే ఆయన కూడా ఉండేవాడు కాదు.

ఇటు వైపు ఉదాహరణ చూడండి. 1942 జూన్‌లో అలాస్కాలోని డచ్ హార్బర్ మీద దాడిలో జపాన్ పైలట్ తదయోషి కోగా నడిపిన జీరో ఫైటర్‌కు తగిలిన తూటాల్లో ఒకటి ఆయిల్ గొట్టాన్ని తెంపింది. విమానం ముక్కలవలేదు, మండలేదు. ఆయిల్ పోతుంటే అలూషియన్ దీవుల్లోని అకుటాన్‌లో దించబోయాడు. పైనుంచి గడ్డి మైదానంలా కనిపించింది కిందికొచ్చాక బురద. చక్రాలు దిగబడి విమానం తలకిందులైంది, కోగా మెడ విరిగి చనిపోయాడు. ఆ జీరోను అమెరికన్లు తీసుకెళ్లి బాగుచేసి, అదే ఏడాది సెప్టెంబరులో శాన్ డియాగోలో ఎగరేశారు. అంటే 'కూలిన' విమానం మూడున్నర నెలల్లో మళ్లీ ఎగిరింది! దీన్ని ఏ గేమ్ పాయింట్ల పట్టికలో వేస్తారు?

రిటైర్డ్‌ఫిట్టర్:
నేను ఆడను, మా అబ్బాయి ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తాను. వాయుసేనలో మిగ్-21ల మీద పనిచేశాను కాబట్టి ఒక మాట. పైరేకుకు రంధ్రం పడటం మాకు పెద్ద విషయం కాదు. అంచులు శుభ్రం చేసి, ప్యాచ్ వేసి, రివెట్లు కొడితే అయిపోతుంది. రేకు వెనక ఏముందన్నదే అసలు ప్రశ్న. ప్యానెల్ తెరిస్తే హైడ్రాలిక్ గొట్టాలు చిటికెన వేలంత లావున వరసగా పోతుంటాయి. రష్యన్ హైడ్రాలిక్ ఆయిల్ ఎర్రగా ఉంటుంది. ఒక్క జాయింట్ దగ్గర చెమ్మ కనిపించినా గుడ్డతో తుడిచి, మళ్లీ ప్రెషర్ పెట్టి, చుక్క ఊరుతుందేమోనని టార్చ్ వేసి చూసేవాళ్లం. మిగ్-21లో రెండు హైడ్రాలిక్ వ్యవస్థలు ఉంటాయి. రెండూ పోతే వెనక తోక కదలదు, విమానం ఎంత చక్కగా కనిపించినా సరే పైలట్ దూకాల్సిందే.

గేమ్‌లో మా వాడి విమానం జల్లెడైనా మెలికలు తిరుగుతూనే ఉంటుంది. అది చూస్తే నవ్వొస్తుంది.

నైట్‌షిఫ్ట్:
సార్, మీలాంటివాళ్లు తరచూ రాయాలి ఇక్కడ.

వార్ థండర్ గురించి నా మాట. రియలిస్టిక్ మోడ్‌లో ఒక ప్యాచ్‌కు 20 ఎంఎం గుండ్లు పేలాలు, తర్వాతి ప్యాచ్‌కు అణుబాంబులు. 2021లో పేలిన గుండు ముక్కలు చెదిరే పద్ధతి మార్చినప్పుడు కొన్నాళ్లు ఎవడు ముందు ముట్టుకుంటే వాడిదే గెలుపు. డీసీఎస్‌లో రెండో ప్రపంచ యుద్ధ విమానాల డ్యామేజ్ బాగుంటుంది, ఆధునిక జెట్‌ల దగ్గరికొస్తే అంత నమ్మకం లేదు. పక్కనే మిసైల్ పేలినా ఏమీ కానట్టు పోయే జెట్‌ను మీరూ చూసే ఉంటారు.

అయితే నిజం కూడా ఒక్కోసారి గేమ్ కన్నా వింతగా ఉంటుంది. 1983 మే 1న నెగెవ్ ఎడారి మీద శిక్షణలో ఇజ్రాయెల్ ఎఫ్-15 జెట్ ఒకటి స్కైహాక్ అనే ఇంకో జెట్‌ను గుద్దుకుని కుడి రెక్క దాదాపు మొదలంటా పోగొట్టుకుంది. ఎగజిమ్ముతున్న ఇంధనం అడ్డొచ్చి పైలట్ జివి నెదివికి రెక్క లేదన్న సంగతే కనబడలేదు. మామూలు కన్నా రెట్టింపు వేగంతో దించేశాడు. డీసీఎస్‌లో ఇలా జరిగితే మనం బగ్ రిపోర్ట్ పెట్టేవాళ్లం!

సందేహి:
అసలు లోటు డ్యామేజ్ మోడల్‌లో (గేమ్ దెబ్బల్ని లెక్కగట్టే పద్ధతిలో) సగమే, మిగతా సగం మనలో ఉంది. గురిపెట్టు కొట్టిన ఆ 190నే తీసుకోండి. పెట్రోలు కారుతోంది, డైవ్ కొట్టి పోయింది. నిజంగా అయితే ఆ పైలట్‌కు ఆ రోజు యుద్ధం అయిపోయినట్టే. దగ్గర్లో ఏ మైదానం దొరికితే అక్కడ దిగేవాడు, లేదా దూకేవాడు. గన్ కెమెరా ఫిల్ములు చూడండి, రెక్క విరిగే దృశ్యాల కన్నా కనోపీ ఎగిరిపోయి పైలట్ దూకే దృశ్యాలే ఎక్కువ. గేమ్‌లో దూకేదెవరు? ప్రాణభయం లేదు కాబట్టి ఇంజన్ ఆగేదాకా మలుపులు తిరుగుతారు. కాల్చేవాడు కూడా స్క్రీన్ మీద కిల్ అని పడేదాకా వదలడు. ఇద్దరూ ఇలా ఆడితే విమానాలు ఉక్కుతో చేసినట్టే ఉంటాయి.

గురిపెట్టు:
ఇది నేను ఆలోచించని కోణం. కానీ అన్నా, ఆ 190 మూడు నిమిషాల తర్వాత మళ్లీ వచ్చి మా వాడిని కొట్టింది. కారిపోతున్న ట్యాంకుతో!

రేడియల్‌రాజు:
కారుతున్నంత మాత్రాన అంతా పోదు. ట్యాంకు చుట్టూ ఉండే రబ్బరు పొర పెట్రోలు తగిలితే ఉబ్బి చిన్న రంధ్రాన్ని పూడ్చేస్తుంది. 30 ఎంఎం చేసిన బొక్కను మాత్రం పూడ్చలేదు. ఇంతకీ కన్వర్జెన్స్ (రెండు రెక్కల తూటాలు ఒకచోట కలిసే దూరం) ఎంత పెట్టావు? మస్టాంగ్ తుపాకులు రెక్కల్లో ఉంటాయి. 400 మీటర్లు పెట్టి 100 నుంచి కాలిస్తే ఆరు తుపాకుల తూటాలూ రెండు రెక్కల మీదికి విడిపోతాయి, మధ్యలో ఇంజనూ పైలట్టూ క్షేమం. 250 పెట్టి, ఆ దూరంలోనే చిన్న బర్స్ట్‌లు వేసి చూడు.

మెర్లిన్‌ఫ్యాన్:
సందేహి గారి మాట పట్టుకుని ఒక ప్రతిపాదన. మన శనివారం సర్వర్‌లో కిల్‌కు పూర్తి పాయింట్లు కొట్టినవాడు తిరిగొచ్చి సరిగ్గా దిగితేనే ఇద్దాం. దెబ్బతిని ఇంటికి పారిపోయిన ప్రతి విమానానికీ, దాన్ని కొట్టినవాడికి సగం పాయింట్లు.

నైట్‌షిఫ్ట్:
నాకు ఓకే. లెక్క ఎవరు పెడతారు మరి?

పాతజాయ్‌స్టిక్:
ఐఎల్-2 సర్వర్ లాగ్‌లో ఎవరు ఎవరిని ఎంత దెబ్బతీశారో, ఎవరు ఎక్కడ దిగారో అన్నీ పడతాయి. చిన్న స్క్రిప్ట్ చాలు, నేను రాస్తాను. 'పారిపోవడం' అంటే ఏమిటో మాత్రం ముందే తేల్చండి. దెబ్బ తగిలిన పది నిమిషాల్లో సొంత మైదానంలో దిగితేనా, లేక ఫ్రంట్ లైన్ దాటితే చాలా?

గురిపెట్టు:
ఫ్రంట్ లైన్ దాటితే చాలంటాను. లేకపోతే లైన్ అవతల పొలంలో దించినవాడి సంగతేంటి?