నర్సింగ్ సంరక్షణ ఉండే వృద్ధుల భవనానికి ప్లాన్ ఏ వర్గం కింద పెట్టాలి?

విశాఖపట్నం మధురవాడలో, మంచం పట్టిన వృద్ధులకు రాత్రింబవళ్లు నర్సుల సంరక్షణ అందించేందుకు 20 పడకలతో జీ ప్లస్ 2 భవనం కట్టదలచాం. ఆపరేషన్ థియేటర్, ల్యాబ్ ఉండవు. డాక్టరు గారు వారానికి రెండుసార్లు వచ్చి చూస్తారు.

2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతిలో ఆసుపత్రులు సి-1 వర్గంలోనూ, వృద్ధాశ్రమాలు సి-2 వర్గంలోనూ ఉన్నాయి. లైసెన్సు ఉన్న ఇంజనీరు సి-2 కింద ఆన్‌లైన్‌లో పెట్టిన ప్లాన్, భవన వినియోగం స్పష్టం చేయాలన్న వ్యాఖ్యతో వెనక్కి వచ్చింది. వివరణ పత్రం జతచేసినా ఫలితం లేదు. ఇది నర్సింగ్ హోమ్ అవునో కాదో వైద్యశాఖ నుంచి రాయించుకు రమ్మని ప్లాన్ చూసేవారు అంటుంటే, ప్రైవేటు వైద్య సంస్థల నియంత్రణకు 2002లో వచ్చిన చట్టం కింద రిజిస్ట్రేషన్ సంగతి భవనం పూర్తయ్యాకే చూస్తామని వైద్యశాఖవారు అంటున్నారు.

అగ్నిప్రమాదం జరిగితే లేవలేని మనిషిని మెట్ల మీదుగా మోయడం కుదిరే పని కాదు గనుక, ర్యాంపు 1:12 వాలుతో, తలుపులు మంచాన్ని మనిషితో సహా బయటికి తోసుకెళ్లేంత వెడల్పుతో గీయించాం. ఇందులో ఖర్చు తగ్గించుకునే ఉద్దేశం మాకు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి కేంద్రానికి ప్లాన్ మంజూరు చేయించుకున్నవారు దరఖాస్తులో భవన వినియోగాన్ని సి-1గా చూపారా, సి-2గా చూపారా?